చేతికి ఆట – మనసునకు తేట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఇట్టి సభలలో పఠనమును గూర్చియు, విజ్ఞానమును గూర్చియు ప్రసంగించుట ఆచారము. ఆ విషయములను పెద్దలు ఉదయమునుండి మీకు చక్కగా వినిపించియే యున్నారు. నేను వేరొక చిన్న సంగతిని ఎత్తుకొందును. గీయుట, కుట్టుట, అల్లుట, పాడుట, కథ కల్పించుట – ఇట్టి పనులను మెప్పు కొఱకుగాని, ధనము కొఱకుగాని కాక, ఊరక సరదాకు చేయుట మన ఆరోగ్యమునకును, మనశ్శాంతికిని ఎంత అవసరమో మనవి చేయవలెనని నా కోరిక.

"ఊరక సరదాకు" అనగానే కొందరు పెద్దలు చిరునవ్వు నవ్వుట చూచుచున్నాను. పొలము, చెఱువు, పిల్లల చదువులు, అప్పులు, రోగములు – ఇన్ని యుండగా సరదా యేమిటని వారి భావము కావచ్చును. వారి ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటకే ఈ ప్రసంగము.

మొదట మన వాకిటి ముగ్గునే తీసికొందము. ధనుర్మాసము వచ్చినదనిన మన కృష్ణా డెల్టాలో ఏ పల్లెలోను వాకిలి బోసిగా నుండదు. కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టి, గీతలు కలిపి, నడుమ గొబ్బెమ్మను నిలుపు ఆ పనిలో రెండు సంగతులు కలిసియున్నవి. ఒకటి నియమము. చుక్కల లెక్క తప్పరాదు. మెలికల ముగ్గులో గీత చుక్కలను తాకక చుట్టి, బయలుదేరిన చోటికే మరల రావలెను. రెండవది స్వేచ్ఛ. అవే చుక్కలతో ఒక అమ్మాయి తామరపూవు తీర్చును, పక్కయింటి అమ్మాయి చిలుకల జంటను దింపును. నియమమే లేనిచో అది గజిబిజి. స్వేచ్ఛయే లేనిచో అది చాకిరి. రెండును కలిసిన చోట ఆట పుట్టును.

ముగ్గునందు మరియొక విశేషము గలదు. అది నిలువదు. తెల్లవారకముందు పెట్టిన ముగ్గు మధ్యాహ్నమునకు సైకిళ్ళ క్రిందను, పశువుల గిట్టల క్రిందను చెరిగిపోవును. బియ్యపుపిండితో పెట్టినది చీమల పాలగును. అయినను "రేపు చెరిగిపోవును గదా" యని ఏ ఇల్లాలును నేడు మానలేదు. కనుమ పండుగకు పెట్టు రథము ముగ్గును చూడుడు. ఒక ఇంటి రథమునకు గీచిన త్రాడు పొరుగింటి రథమును కలియును, అది ఆపై యింటి దానిని కలియును. వీధి వీధియంతయు ఒకే త్రాటికి కట్టినట్లు కనబడును. ఆ త్రాడు పిండితో గీచినదే. అయినను అంతకు ముందురోజు మాటలు లేని రెండిండ్లను ఒక గీత కలిపివేయుట మనకు తెలియనిది కాదు.

"ముగ్గు కూడ ఆడవారికి అంటగట్టిన పనియే గదా" యని ఒక సోదరి అడుగవచ్చును. నిజమే. చీకటిలో లేచి వంగి ఊడ్చుట, నీళ్ళు మోయుట చాకిరియే. ఆ చాకిరిని ఇంటిల్లిపాదియు పంచుకొనవలసియున్నది. అయితే చాకిరి తొలగింపబోయి ఆటను గూడ తొలగించుట మంచిది కాదు. ఇప్పుడు గడపకు, వాకిటికి అంటించు ముగ్గు కాగితములు బజారులో దొరకుచున్నవి. వానివలన నడుము నొప్పి తగ్గినమాట వాస్తవము. కాని ఆ పదినిముషములలో మనసు పొందుచుండిన తేటదనము కూడ వానితోనే పోయినది.

ఇట్టి ఆటలు స్త్రీలకే పరిమితములు కావు. నులకమంచము అల్లువాడు ఊరక నులక బిగించి ఊరుకొనడు. నడుమ గడులు తీయును, వాని ప్రక్కన వేరొక తీరు తీయును. దివిసీమలో వల అల్లు మత్స్యకారుని చేతివేళ్ళను ఒక్క గడియ చూచినచో కన్ను త్రిప్పబుద్ధి కాదు. మన చిన్నతనములో తాటిబుఱ్ఱలకు పుల్ల గ్రుచ్చి బండి చేసితిమి. కొబ్బరాకుతో చేతి గడియారము, బూర చేసితిమి. తాటాకు బొమ్మలకు పెండ్లి చేసితిమి. చెఱువుమట్టితో ఎడ్లను చేసి ఎండబెట్టితిమి. కోతలైన పిమ్మట ఇంటిలోని వారెవరో వరికంకులను కుచ్చులుగా అల్లి చూరుకు వ్రేలాడదీసిన, పిచ్చుకలు వచ్చి గింజలు తినుచుండెడివి. పాతచీరల ముక్కలను రంగురంగులుగా పేర్చి మన అమ్మమ్మలు కుట్టిన బొంతలలో ఏ రెండును ఒకటిగా నుండలేదు. అది పేదరికమునుండి పుట్టిన పనియే. కాని ఎఱ్ఱముక్క ప్రక్కన పచ్చముక్క పెట్టవలెనా, నల్లముక్క పెట్టవలెనా యని ఆమె ఆగి ఆలోచించిన క్షణము పేదరికమునకు చెందినది కాదు. అది ఆమె సొంతము.

పండితులు గూడ ఇట్లే ఆడుకొనిరి. తిరుపతి వేంకటకవులుగా ప్రసిద్ధి చెందిన జంటలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు మన బందరులో హిందూ ఉన్నత పాఠశాలయందు తెలుగు పండితులుగా నుండిరి. విశ్వనాథ సత్యనారాయణగారు, పింగళి లక్ష్మీకాంతంగారు, కాటూరి వేంకటేశ్వరరావుగారు వారి శిష్యులు. ఆ జంటకవులు ఊరూర ప్రదర్శించిన అవధానమును కొంచెము లోతుగా చూడుడు. సమస్యాపూరణమనగా అర్థము లేనట్లు కనబడు పాదమునిచ్చి, మిగిలిన పాదములతో దానికి అర్థము కల్పింపుమనుట. దత్తపదియనగా పొంతన లేని నాలుగు మాటలనిచ్చి, వానిని ఒక పద్యమున కూర్చుమనుట. అప్రస్తుత ప్రసంగమనగా కవి ఏకాగ్రతను చెడగొట్టుటకై నడుమ నడుమ కొంటెప్రశ్నలు వేయుట. ఇంతటి పాండిత్య ప్రదర్శనమునకు పునాది ఏమి? ఆటయే. చుక్కలకు బదులు ఛందస్సు, గీతకు బదులు మాట. ముగ్గు పెట్టు అమ్మాయియు, అవధానము చేయు పండితుడును దాయాదులే యని నా అభిప్రాయము.

అవధానము మనవంటి వారికి సాధ్యము కాకపోవచ్చును. కాని దత్తపదిని ఇంటిలో ఆడుకొనవచ్చును. రాత్రి భోజనములైన పిమ్మట మనుమలకు నాలుగు మాటలిండు: మామిడిటెంక, రైలు, పిల్లి, పంతులుగారు. ఈ నాలుగును వచ్చునట్లు కథ చెప్పుమనుడు. తరువాత వారు మీకు నాలుగు మాటలిత్తురు. అప్పుడు తెలియును, ఎవరి బుద్ధి చుఱుకైనదో!

చేతిపనికిని చదువునకును నడుమ గోడ యుండరాదని మన ప్రాంతపు పెద్దలు నూరేండ్లకు పూర్వమే గ్రహించిరి. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు పూనుకొని 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినపుడు, పుస్తక విద్యతోపాటు వడ్రంగము, నేత వంటి చేతిపనులకును అచట చోటు కల్పించిరి. వంగదేశమునుండి వచ్చిన ప్రమోదకుమార చటోపాధ్యాయగారు అచట చిత్రలేఖనము నేర్పిరి. వారివద్ద నేర్చినవారిలో అడివి బాపిరాజుగారొకరు. బాపిరాజుగారు న్యాయశాస్త్రము చదివిరి, నవలలు వ్రాసిరి, పాటలు కట్టిరి, బొమ్మలు వేసిరి, పిమ్మట ఆ కళాశాలకే అధ్యక్షులైరి. ఒక మనిషికి ఒక్క పనియే తగునన్న మాట ఆయన చెవికి సోకినట్లు లేదు.

భట్లపెనుమఱ్ఱులో జన్మించి, అదే జాతీయ కళాశాలలో బోధించిన పింగళి వెంకయ్యగారి సంగతియు అట్టిదే. పత్తి పంటపై పరిశోధనలు చేసినందున పత్తి వెంకయ్యయనియు, జపాను భాష నేర్చినందున జపాను వెంకయ్యయనియు, రత్నశాస్త్రము నెఱిగినందున డైమండు వెంకయ్యయనియు ఆయనను పిలిచిరి. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశమున ఆయన గాంధీజీకి జెండా నమూనా అందించిన సంగతి మీరెఱుగుదురు. కాని అంతకు అయిదేండ్లు ముందుగా, 1916లో, జాతీయ పతాకమును గూర్చి ఆయన ప్రకటించిన చిన్న పుస్తకములో ముప్పది నమూనాలు గలవని ఎందరికి తెలియును? ఒక్కటి కాదు, ముప్పది! ఇది కాకున్న అది, అది కాకున్న మరియొకటి యని చేయి కదలుచునే యుండెను. మొదటి గీతయే తుదిగీత కావలెనని పట్టుబట్టువాడు రెండవ కాగితమును తీయడు. దేశమునకు సంబంధించిన గంభీరమైన పనికి గూడ ఇట్టి చేతి చొరవయే మూలమైనది.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. వృత్తి కళాకారుల శ్రమను మనము సరదాయని పొరబడరాదు. పెడనలో కలంకారీ అద్దకమును చూడుడు. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో తడిపి ఆరవేయుదురు. ఇనుపముక్కలు, బెల్లము కలిపి పులియబెట్టిన నీటితో నలుపు గీతలు అద్దుదురు. పటిక అద్దిన చోట ఎఱుపు పట్టును. చెక్క అచ్చును ఒకదాని ప్రక్క నొకటి వెంట్రుకవాసి తేడా లేకుండ దింపవలెను. మరల మరల పారునీటిలో జాడించవలెను, ఉడికించవలెను, ఎండబెట్టవలెను. 1611లో ఆంగ్లేయులు బందరులో వర్తకస్థానము నెలకొల్పుటకు ఈ తీరపు బట్టలే ముఖ్యాకర్షణ. ఆ పని చేయువారికి అది కూడు పెట్టు కష్టము. దానికి మనమీయవలసినది న్యాయమైన ధర. ముచ్చట మాటలు కావు. అట్లే కూచిపూడి భాగవతుల నాట్యము బాల్యమునుండి చేయు కఠోర సాధన. నేను చెప్పుచున్న చిన్న ఆట వానికి సాటి యని నేననను. కాని మన యింట ఒక పాత రుమాలుపై బెండకాయ ముక్కతో రంగు అద్ది చూచుకొన్నవానికే పెడన పనివాని నేర్పు ఎంతటిదో సరిగా తెలియును. స్వయముగా పాడి, శ్రుతి తప్పినవానికే మంచి గాయకుని విలువ తెలియును.

పాటను గూర్చి మరియొక మాట. గుడివాడ సమీపమున చౌటుపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారిని తండ్రి సూరయ్యగారు బాల్యముననే భజనలకు తీసికొనిపోవుచుండెడివారు. తండ్రి తరంగములు పాడుచుండగా బాలుడు చిందులు వేసెడివాడు. ఈ కథను మనము ఎప్పుడును గాయకుని కీర్తికొఱకే చెప్పుకొందుము. నేను ఆ భజనలో కూర్చున్న తక్కినవారిని గూర్చి ఆలోచించుచుందును. వారిలో ఎవరును ఘంటసాలలు కాలేదు. కావలసిన అవసరమును లేకుండెను. పగలంతయు పొలములో పనిచేసి వచ్చినవారు రాత్రి తాళములు పట్టి గొంతు కలిపిరి. మరునాడు తేలిక మనసుతో లేచిరి. వారికి దక్కిన ఫలము చిన్నది కాదు.

అట్టి భజనలు ఇప్పుడెన్ని ఊళ్ళలో జరుగుచున్నవి? ఊడ్పుల కాలమున వరుసగా వంగి నాటు కూలితల్లులు అప్పటికప్పుడు కట్టి పాడిన పాటలు ఏమైనవి? కారణము వెదకుట కష్టము కాదు. గుడివాడ మొదలు కొల్లేటి వైపు వరిచేలు అనేకము చేపల చెఱువులైనవి. మిగిలిన చేలలో వెదజల్లుట వచ్చినది, కోత యంత్రము వచ్చినది. వంగిన నడుముల బాధ తగ్గినందుకు మనము సంతోషింపవలసినదే. ఆ కష్టము మరల రావలెనని ఎవరును కోరరాదు. కాని ఆ కష్టమునకు తోడుగా నడచిన పాట, కష్టముతోబాటు వెడలిపోయినది. పని మధ్యలో పుట్టుచుండిన ఆటకు ఇప్పుడు పని బయట చోటు చూపవలసి వచ్చినది. చూపకపోయినందున ఆ ఖాళీని సెల్‌ఫోను ఆక్రమించినది. నేను దానిని నిందించుట లేదు. దూరదేశములలో నున్న బిడ్డల ముఖములు అందే కనబడుచున్నవి. అయితే ఇతరులు పాడినది వినుట, ఇతరులు ఆడినది చూచుట, ఇతరులు వండినది చూచి లొట్టలు వేయుట – దినమంతయు ఇంతేయైనచో మన చేతులకు మిగిలిన పని తెరను త్రోయుట యొక్కటియే.

దీనివలన కలుగు నష్టము ఊహామాత్రము కాదు. ఈ విషయమును శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. న్యూజీలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయమువారు 658 మంది యువతీయువకులచేత 13 దినములు దినచర్య వ్రాయించిరి. ఆ ఫలితములు 2016లో వెలువడినవి. అల్లిక, క్రొత్త వంట, పాట కట్టుట, బొమ్మలు గీయుట వంటి పనులు ఎక్కువగా చేసిన దినమునకు మరునాడు వారి ఉత్సాహము, జీవితము బాగున్నదన్న భావము పెరిగినట్లు తేలినది. ఉత్సాహముగా నున్నందున మరునాడు ఆ పనులు చేసిరేమో యని చూడగా, అట్లు కనబడలేదు. అనగా ఉత్సాహము వచ్చువరకు వేచియుండక పని ముందు మొదలుపెట్టవలెనన్నమాట. అదే 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమువారు 39 మందికి మట్టి, రంగులు, కాగితములు ఇచ్చి 45 నిముషములు ఇష్టము వచ్చినట్లు చేసికొమ్మనిరి. ముందును వెనుకను వారి లాలాజలమును పరీక్షింపగా, మానసిక ఒత్తిడిని సూచించు కార్టిసాల్ అను పదార్థము సుమారు ముప్పాతిక మందిలో తగ్గెను. అది చిన్న పరీక్షయే. అయినను అందొక గమనింపదగిన సంగతి గలదు: పూర్వము బొమ్మలు వేసిన అనుభవము ఉన్నవారికిని లేనివారికిని ఈ విషయమున భేదము కనబడలేదు. చేయి తిరిగినదా లేదాయని శరీరము అడుగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2019లో మూడువేలకు పైగా పరిశోధనలను పరిశీలించి, కళలు ఆరోగ్యమునకు తోడ్పడునని నివేదించినది.

అట్లైన మనలో పెద్దవారు దీనికి ఎందుకు దూరమైరి? ఆరేండ్ల పిల్లవానిని బొమ్మ గీయుమనుడు, వెంటనే గీయును. నలుబదియేండ్ల తండ్రిని గీయుమనుడు. "నాకు రాదు" అనును. ఈ నడుమ ఏమి జరిగినది? మార్కులు జరిగినవి. బహుమతులు జరిగినవి. పోలికలు జరిగినవి. 1973లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు శిశుపాఠశాలలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అను పండితులు ఒక పరీక్ష చేసిరి. బొమ్మలు వేయుట యందు మక్కువ గల మూడేండ్లు మొదలు అయిదేండ్ల వయసు పిల్లలలో కొందరికి "బొమ్మ వేసినచో బహుమాన పత్రమిత్తుము" అని ముందుగా చెప్పిరి. కొందరికి చెప్పకయే పిమ్మట ఇచ్చిరి. కొందరికి ఏమియు ఈయలేదు. కొన్ని దినముల తరువాత ఎవరును అడుగకున్నను బొమ్మలు వేయుచున్నవారెవరని గమనింపగా, ముందుగా ఆశ చూపబడిన పిల్లలు తక్కినవారు వేసిన సేపులో సుమారు సగము సేపే వేసిరి. ఆశ చూపుటతో ఆట పనియైపోయినది.

ఈ సంగతిని మన ఊరివారు కొంచెము మనసుపెట్టి ఆలోచింపవలెనని నా ప్రార్థన. సంక్రాంతికి మనము ముగ్గుల పోటీలు పెట్టుచున్నాము. ప్రథమ బహుమతి, ద్వితీయ బహుమతి, తృతీయ బహుమతి ఇచ్చుచున్నాము. ముగ్గురు సంతోషింతురు. తక్కిన నలుబదిమందియు "మనకు రాదు" అన్న మాటను ఇంటికి మోసికొని పోవుదురు. పోటీలు అసలే వలదని నేననను. అవి ఊరికి సందడి. కాని ఆ సందడియే సర్వమైనచో, గెలుచువారే గీయుదురు, గెలువనివారు చూచువారగుదురు. రథము ముగ్గు త్రాటిలో ఏ ఇంటికి ప్రథమ బహుమతి? అచట గీత తెగకుండుటయే గెలుపు.

మన ఊళ్ళలో ఇంకొక బాధయు పెరుగుచున్నది. బిడ్డలు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో నున్నారు. రెండంతస్తుల మేడలో ఇద్దరు వృద్ధులు, ఒక్కొక్కచోట ఒక్కరే. డబ్బునకు లోటు లేదు. మందులకు లోటు లేదు. పొద్దు గడచుట లేదు. "నావలన ఇక ఎవరికిని పని లేదు" అన్న తలంపు వారిని లోలోపల తినివేయుచున్నది. అట్టి పెద్దాయన చేతికి రెండు తాటాకులిచ్చి, "తాతగారూ, చిలుక ఎట్లు చేయుదురో మా పిల్లవానికి చూపుడు" అని అడిగి చూడుడు. మొదట "మఱచితిని" అనును. అయిదు నిముషములకు వ్రేళ్ళు తమంత తామే జ్ఞాపకము తెచ్చుకొనును. ఆ పిల్లవానికి దక్కినది ఒక చిలుక. పెద్దాయనకు దక్కినది తనవలన ఇంకను పని గలదన్న ధైర్యము.

అయితే ఈ ఆటయే సర్వరోగ నివారిణి యని చెప్పి మిమ్ము మోసగింపను. నిద్ర పట్టకపోవుట, ఆకలి చచ్చిపోవుట, బ్రతుకుపై విరక్తి కలుగుట వంటివి వారములకొలది నిలిచియున్నచో అది రోగము. వైద్యునివద్దకు పోవలెను, సిగ్గుపడరాదు. కొన్ని దుఃఖములు ఆటతో తీరునవి కావు. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమపై విరుచుకుపడి వేలాది ప్రాణములను బలిగొన్నది. అట్టి ఘాతమునకు ముగ్గు మందు అనుట అపచారము. కాని అన్నియు పోగొట్టుకొన్నవారు మరల గుడిసె నిలుపుకొని, ఎన్నాళ్ళకో ఒకనాడు దాని ముందు నాలుగు చుక్కలు పెట్టినారనిన, ఆ నాలుగు చుక్కలు దుఃఖమును తుడిచినవి కావుగాని, బ్రతుకు మరల తమ చేతికి వచ్చుచున్నదని వారికి వారే చెప్పుకొన్న మాటలు. అంతటి శక్తి ఆ చిన్నపనికి గలదని మాత్రమే నా మనవి.

ఇక మాటలు చాలించి, మన గ్రంథాలయమునకు ఒక ప్రార్థన చేసెదను. పుస్తకము చదువుటయు సగము సృష్టియే. రచయిత "ఒక ఊరు" అని వ్రాయును. ఆ ఊరి చెఱువుగట్టును, రావిచెట్టును పాఠకుడు తన మనసులో నిర్మించుకొనును. అందుచేత ఈ పనికి గ్రంథాలయమే తగిన చోటు. వారమున కొక సాయంకాలము, పత్రికలు చదువు గదిలో ఒక బల్లను ఖాళీ చేయుడు. దానిపై పలకలు, సుద్దముక్కలు, పాత పత్రికల కాగితములు, కత్తెర, సూది దారములు, గుడ్డముక్కలు, తాటాకులు ఉంచుడు. దీనికి చందాలు వసూలు చేయనక్కఱలేదు. ఇవన్నియు మన ఇండ్లలో పారవేయునవే. వచ్చినవారు ఏదో ఒకటి చేయవలెను. దీనికి మూడు నియమములు చాలును. బహుమతులు ఉండరాదు. "బాగున్నది, బాగులేదు" అని తీర్పు చెప్పరాదు; "ఎట్లు చేసితివి?" అని అడుగవచ్చును. చేయునంతసేపు సెల్‌ఫోనులు కార్యదర్శిగారి బీరువాలో నుండవలెను.

దానితోపాటు ఒక లావుపాటి నోటు పుస్తకమును గూడ ఉంచుడు. అందు ఎవరికి తోచినది వారు వ్రాయవలెను: తాము కట్టిన పొడుపుకథ, బిడ్డను నిద్రపుచ్చుటకు తాము కల్పించుకొన్న జోల, అరటిపువ్వుతో తాము చేసి చూచిన క్రొత్త కూర, దారిలో విన్న వింతమాట. వ్రాయుట రానివారు చెప్పగా పడుచువారు వ్రాసిపెట్టవలెను. చుక్కల ముగ్గులను లెక్కతోసహా గీచియుంచవలెను. ఈ గ్రంథాలయములో వేలకొలది పుస్తకములు ఇతర ఊళ్ళనుండి వచ్చినవి. ఒక్క పుస్తకమైనను మన ఊరి చేతినుండి పుట్టినది ఈ బీరువాలో నుండవలెనని నా ఆశ. ఏబదియేండ్ల స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి దానిని తెరచి చూచువారు మన మనుమలే.

పెద్దల ప్రశ్నకు నా సమాధానమిదియే. పొలము, అప్పు, రోగము ఉన్నందుననే ఈ సరదా కావలసియున్నది. బరువు లేనివానికి ఆట అలంకారము. బరువు మోయువానికి అది భుజము మార్చుకొనుట. అందుకు గంటలు అక్కఱలేదు. దినమునకు పావుగంట చాలును. చెడిపోవునేమో యన్న భయము వలదు, చెడిపోయినను నష్టపోవునది ఒక సుద్దముక్క.

ఈ గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు కాపాడుకొని వచ్చిన చందాదారులకును, ఏ ప్రతిఫలమును కోరక ప్రతిదినమును తలుపులు తీసి దీపము పెట్టిన కార్యకర్తలకును నా నమస్కారములు. వచ్చు శనివారము సాయంకాలము ఆ బల్లవద్ద కలిసికొందము. తాటాకులు నేను తెచ్చెదను.